విమానం ఎక్కకముందే నేర్పాల్సిన ఇంగ్లీషు

సంపాదకులకు,

మా నందివెలుగు పిల్లలు అమెరికాలో పైచదువుల కోసం తెనాలికో గుంటూరుకో వెళ్లి జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ తీసుకుంటున్నారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి సందేహాలుంటే నా దగ్గరికీ వస్తారు. మళ్లీ ఎప్పుడూ వాడని మాటలు వందల కొద్దీ బట్టీ పట్టి ఉంటారు గానీ, వీసాకూ స్టేటస్‌కూ తేడా అడిగితే బిక్కమొహం వేస్తారు. వలస చట్టాల ఇంగ్లీషును కూడా ఇక్కడే, విమానం ఎక్కకముందే నేర్పాలని నా వాదన.

వీసా మీద గడువు ఇంకా ఉన్నా, కోర్సు మానేస్తే అక్కడ ఉండే అర్హత, అంటే స్టేటస్, పోతుంది. సీపీటీ అంటే ఉద్యోగానికిచ్చే పర్మిట్ కాదు, చదువులో భాగంగా చేసే పని. దాన్ని పూర్తికాలం 12 నెలలు చేస్తే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) దక్కదు.

2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ వ్యవహారం మరిచిపోయామా? మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వమే వలగా పెట్టిన బోగస్ యూనివర్సిటీ అది. అందులో క్లాసుల్లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. మొదట్లో పట్టుబడిన భారతీయులు 129 మంది, వాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తొడిగారు. తెలిసే చేరినవాళ్లు ఉండొచ్చు, కాదనను. కానీ క్లాసుల్లేని చోట సీపీటీ ఎలా ఇస్తారని అడగడం తెలిసుంటే కొందరైనా ఆగిపోయేవారు.

ఇవన్నీ కన్సల్టెన్సీలు చెబుతాయి కదా అంటారు. సీటు ఇప్పిస్తే కమీషన్ వచ్చేవాళ్లు ఆ సీటులోని ప్రమాదం చెబుతారని నేను నమ్మను. ఫార్మింగ్టన్‌లో విద్యార్థులను చేర్పించారని కేసులు పడ్డ 8 మందిలో పలువురు తెలుగువాళ్లే.

అన్నిటికన్నా ముఖ్యం, విమానాశ్రయంలో ప్రవేశం నిరాకరించినప్పుడు జరిగే విచారణ. స్వదేశానికి తిరిగి వెళ్లడానికి భయం ఉందా అని అధికారి అడుగుతారు. అది శరణార్థుల కోసం పెట్టిన ప్రశ్న. ప్రాణభయం ఉన్నవాళ్లను వెనక్కి పంపకూడదని దాని ఉద్దేశం. అప్పు ఎలా తీర్చాలన్న బెంగతో మన పిల్లవాడు అవునంటే, నిర్బంధంలో ఉంచి ఆశ్రయం విచారణ మొదలుపెడతారు. నిజంగా ప్రాణభయం ఉన్నవాడు అర్థంకాక లేదంటే, ఉన్న ఒక్క రక్షణా పోతుంది. ప్రవేశ దరఖాస్తును ఉపసంహరించుకోనిస్తే మామూలుగా నిషేధం ఉండదు. ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ (తక్షణ బహిష్కరణ) ఉత్తర్వు ఇస్తే మాత్రం 5 ఏళ్ల దాకా మళ్లీ అక్కడికి పోలేరు. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో పిల్లలకు తెలియకపోతే ఎలా? అర్థం కానప్పుడు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగవచ్చు. ఇంగ్లీషు రాదనుకుంటారని మనవాళ్లు సిగ్గుపడి అడగరు. అన్నీ అర్థమైనట్టు తల ఊపుతారు. ఆ సిగ్గు ముందుగా పోవాలి.

పొలం తాకట్టు పెట్టి పంపుతున్న తల్లిదండ్రులకు కూడా ఈ మాటలు తెలియాలి. అర్ధరాత్రి ఫోన్ చేసి "నాన్నా, సెవిస్ టెర్మినేట్ చేశారు" అని కొడుకు చెబితే, అది అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లోని విద్యార్థి రికార్డుకు సంబంధించిన సంగతనీ, ముందు లాయరును కలవాలనీ ఆ తండ్రి చెప్పగలగాలి.

ఇంజనీరింగ్ కాలేజీలు ఆఖరి సంవత్సరంలో ఈ పాఠాలకు కొన్ని గంటలు కేటాయించాలి. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ తెలుగులో వివరణలతో ఒక చిన్న పుస్తకం వేసి పల్లెల లైబ్రరీలకు పంపాలి. అంతవరకు ఆగకుండా మీ పత్రికే వారానికి ఐదేసి మాటలు అర్థంతో, ఉదాహరణతో అచ్చువేయాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నందివెలుగు, తెనాలి మండలం