ట్రైలర్ బ్రేకు సర్దుబాటు: జతను ఎవరు చూస్తున్నారు?

జంషెడ్‌పూర్ నుంచి ఉక్కు రెండు రూపాల్లో బయటికి వస్తుంది. ఉక్కు కర్మాగారం నుంచి చుట్టలుగా, రేకులుగా వచ్చేది ఒకటి. టాటా మోటార్స్ ప్లాంటు నుంచి లారీలుగా వచ్చేది రెండోది. 1945లో టెల్కో పేరుతో పుట్టి, 1954 నుంచి లారీలు తయారు చేస్తున్న సంస్థ అది. ఈ రెండు రూపాలూ రహదారి మీద కలుస్తాయి. ముందు లాగే బండి, వెనక ఉక్కు చుట్టలు మోసే ట్రైలర్, అన్నీ కలిపి 55 టన్నుల దాకా బరువు.

అంత బరువు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో ఉండే గతిజశక్తి సుమారు 76 లక్షల జౌళ్లు. 25 డిగ్రీల దగ్గరున్న 24 లీటర్ల నీటిని మరిగే దాకా తీసుకెళ్లగల శక్తి అది. బండి ఆగాలంటే అదంతా కొన్ని సెకన్లలో బ్రేకు డ్రమ్ములలో వేడిగా మారాలి. ఆ పనిలో ముందు బండి వాటా ఎంత, ట్రైలర్ వాటా ఎంత? ఆ వాటా సరిగ్గా ఉందో లేదో ఎవరు చూస్తున్నారు?

అమెరికాలో ఈ ప్రశ్న సొంత పికప్ వెనక పడవనో గుర్రాల బండినో తగిలించుకునే మామూలు మనిషికి కూడా ఎదురవుతుంది. అక్కడి చిన్న ట్రైలర్ల చక్రాలలో విద్యుదయస్కాంతంతో పనిచేసే బ్రేకులుంటాయి. వాటికి ఎంత కరెంటు పంపాలో నిర్ణయించే చిన్న పెట్టెను డ్రైవరు మోకాలి దగ్గర బిగిస్తారు. మంచి రకం పెట్టెలో త్వరణాన్ని కొలిచే సెన్సర్ ఉంటుంది. బండి ఎంత గట్టిగా నెమ్మదిస్తే ట్రైలర్‌కు అంత కరెంటు వెళుతుంది. బిగించడం ఒక ఎత్తు, సర్దుబాటు మరో ఎత్తు. పొడిగా, చదునుగా ఉన్న ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ట్రైలర్ బ్రేకును మాత్రమే వేస్తారు. చక్రాలు బిగుసుకుపోయే స్థాయిని కనుక్కుని, దానికి కాస్త కింద ఆపుతారు. సరుకు బరువు మారితే మళ్లీ సర్దాలి. అంటే సర్దుబాటు పెట్టెకు కాదు, జతకు.

మన పికప్‌లు ట్రైలర్లను లాగడం అరుదు. మన దగ్గర లాగుడంతా రెండు చోట్ల ఉంది. ఒకటి పొలం ట్రాక్టరు వెనక ట్రాలీ. వాటిలో చాలావాటికి పనిచేసే బ్రేకే ఉండదు, మనుషుల్ని మాత్రం ఎక్కిస్తాం. అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు. రెండోది ఉక్కు, సిమెంటు, కంటైనర్లు మోసే పెద్ద ట్రైలర్. ఇక్కడ కరెంటుకు బదులు గాలి పనిచేస్తుంది.

ముందు బండి వెనక రెండు గాలి గొట్టాలు కనిపిస్తాయి. ఎర్ర కప్లింగ్ ఉన్నది ట్రైలర్ ట్యాంకుకు నిత్యం గాలి నింపుతుంది. పసుపు కప్లింగ్ ఉన్నది డ్రైవరు పెడల్ మీద కాలు వేసినప్పుడు ‘ఇంత బ్రేకు వెయ్యి’ అని ఒత్తిడి రూపంలో కబురు పంపుతుంది. ఎర్ర గొట్టం తెగితే ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పడతాయి. గాలి పోతే బ్రేకు పడాలన్న ఈ ఆలోచన 1872లో రైళ్ల కోసం జార్జ్ వెస్టింగ్‌హౌస్ తెచ్చినది. నూటయాభై ఏళ్లు దాటినా దాన్ని మించినది రాలేదు.

చిక్కు తెగినప్పుడు కాదు, తెగకుండా బలహీనపడినప్పుడు. కబురు గొట్టం పొడవునా వెళ్లాలి, వాల్వు తెరుచుకోవాలి, బ్రేకు చాంబర్లు నిండాలి. లాగే బండి పెడల్ వేగంగా నొక్కిన 0.4 సెకన్లలో కప్లింగ్ దగ్గర ఒత్తిడి 75 శాతానికి చేరాలని ఐక్యరాజ్యసమితి ఆర్13 నిబంధన చెబుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఆ 0.4 సెకన్లలో బండి 6.7 మీటర్లు వెళ్లిపోతుంది. వాల్వులో తుప్పో తేమో చేరి ఆలస్యం సెకను అయిందంటే దాదాపు 17 మీటర్లు. అంతసేపూ ముందు బండి ఆగాలనుకుంటుంది, వెనకది ఆగనంటుంది.

లెక్క చూడండి. సెకనుకు సెకనుకు 3 మీటర్ల చొప్పున నెమ్మదించడానికి 40 టన్నుల ట్రైలర్‌కు 120 కిలోన్యూటన్ల బలం కావాలి. అందులో 30 శాతం దాని బ్రేకులు ఇవ్వలేకపోతే 36 కిలోన్యూటన్లు, అంటే మూడున్నర టన్నులకు పైబడిన బరువంత బలం, కింగ్‌పిన్ ద్వారా ముందు బండిని వెనక నుంచి నెడుతుంది. ట్రైలర్ బరువులో కొంత ముందు బండి చక్రాల మీదే వాలుతుంది కాబట్టి కొంత నెట్టుడు మామూలే. కానీ వానకు తడిసిన మలుపులో ఆ నెట్టుడు హద్దు దాటితే ముందు బండి పక్కకు తిరిగి, జత మడత కత్తిలా ముడుచుకుంటుంది. ట్రైలర్ బ్రేకు మరీ ఎక్కువైతే, అందులోనూ ఖాళీ ట్రైలర్‌కైతే, వెనక చక్రాలు బిగుసుకుని తోక ఊగుతుంది.

జార్ఖండ్‌లో ఈ లెక్కకు పరీక్షా స్థలం రాంచీ–రాంగఢ్ దారిలోని చుటుపాలు ఘాట్. ‘బ్రేకు ఫెయిల్’ అయిన ట్రైలర్ వార్తలకు ఆ పేరు స్థానిక పత్రికల్లో పాతదే. అయితే ‘బ్రేకు ఫెయిల్’ అన్న మాట దాచేది ఎక్కువ, చెప్పేది తక్కువ. బ్రేకు ఉన్నట్టుండి చచ్చిపోవడం తక్కువ. ఎక్కువసార్లు అది వారాల ముందే సర్దుబాటు తప్పి, ఘాట్‌లో వేడెక్కి చేతులెత్తేస్తుంది.

ఎలాగంటే, గాలి చాంబర్ నుంచి వచ్చే కడ్డీ స్లాక్ అడ్జస్టర్ అనే చేతిని తోస్తుంది. అది కామ్‌ను తిప్పితే లైనర్లు డ్రమ్‌కు ఆనుకుంటాయి. లైనర్ అరిగేకొద్దీ కడ్డీ ఎక్కువ దూరం కదలాలి. భారీ వాహనాల్లో ఎక్కువగా వాడే టైప్ 30 చాంబర్‌లో కడ్డీ మొత్తం కదలిక 64 మిల్లీమీటర్లే. 51 దాటితే సర్దుబాటు తప్పినట్టే. ఇప్పుడు దానికి వేడి తోడవుతుంది. 410 మిల్లీమీటర్ల పోత ఇనుప డ్రమ్ 300 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం 1.3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. వినడానికి ఎంతో కాదు. కానీ కామ్, స్లాక్‌ల నిష్పత్తి వల్ల కడ్డీ దగ్గరకు వచ్చేసరికి అది పదీ పదిహేను మిల్లీమీటర్లు అవుతుంది. చల్లగా ఉన్నప్పుడు యార్డులో 50 చూపించిన బ్రేకు ఘాట్ దిగువన హద్దుకు తగులుతుంది. గాలి నిండుగానే ఉంటుంది, పెడల్ గట్టిగానే ఉంటుంది, లైనర్ మాత్రం డ్రమ్‌ను సరిగా నొక్కదు.

ఆటోమేటిక్ స్లాక్‌లు వచ్చాక ఈ బెడద తీరిందనుకోవడం పొరపాటు. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం గ్లెన్ రాక్ దగ్గర టిప్పర్ బ్రేకు తప్పి జనం చనిపోయిన ప్రమాదాన్ని విచారించిన అక్కడి రవాణా భద్రతా బోర్డు ఒక సంగతి గట్టిగా చెప్పింది. ఆటోమేటిక్ స్లాక్ హద్దు దాటిందంటే బ్రేకులో వేరే లోపం ఉన్నట్టు. రెంచితో బిగిస్తే కడ్డీ ఆ రోజుకు దారికొస్తుంది, లోపం లోపలే ఉంటుంది. మన మెకానిక్ షెడ్లలో మాత్రం రెంచితో రెండు తిప్పులు తిప్పడమే వైద్యం. ఏబీఎస్ ఉందిగా అని సరిపెట్టుకోవడానికీ లేదు. చక్రం బిగుసుకుంటే ఏబీఎస్ గాలిని వదలగలదు. డ్రమ్‌ను నొక్కని లైనర్‌కు అది బలం ఇవ్వలేదు.

ఇక ఫిట్‌నెస్ పరీక్ష. రోలర్ల మీద ఒక్కో ఇరుసును నిలబెట్టి బ్రేకు బలం కొలుస్తారు, ఎడమ కుడి తేడా చూస్తారు. మంచిదే. కానీ ట్రైలర్‌కు రిజిస్ట్రేషన్ నంబరు వేరు, కాగితాలు వేరు. నేడు ఒక బండి వెనక, రేపు మరో బండి వెనక. ‘జతలు రోజూ మారుతుంటే జతను ఎలా పరీక్షిస్తాం?’ అని రవాణా రంగం వాళ్లు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

దానికి సమాధానం ఆర్13లోనే ఉంది. కప్లింగ్ దగ్గర ఇంత ఒత్తిడి ఉంటే బ్రేకు బలం బరువులో ఇంత శాతం ఉండాలని అది ఒక పట్టీ గీస్తుంది. లాగే బండికైనా, ట్రైలర్‌కైనా గీత ఆ పట్టీలోనే ఉండాలి. రెండూ అందులో ఉంటే ఎవరి వెనక ఎవరిని కట్టినా పొత్తు కుదురుతుంది. ఒక రకంగా జాతకాలు కలపడమే, కాకపోతే ఇక్కడ గ్రహాలకు బదులు బార్‌లు, న్యూటన్లు. కొత్త మోడల్‌కు ఆమోదం ఇచ్చేటప్పుడు గట్టిగా చూడాల్సిన ఈ పొత్తును ఐదేళ్లు ఉక్కు మోసిన ట్రైలర్ విషయంలో పట్టించుకోకపోవడమే అసలు లోపం.

కావలసింది కొత్త యంత్రాంగం కాదు. రోలర్ పరీక్ష జరిగేటప్పుడు పసుపు కప్లింగ్ దగ్గర ఒక ప్రెషర్ గేజీ, చివరి ఇరుసు చాంబర్ దగ్గర మరొకటి తగిలించాలి. ఎంత ఒత్తిడికి ఎంత బలం వచ్చింది, ఎంత ఆలస్యంగా వచ్చింది అన్నది ఇరుసుల వారీగా రాయాలి. చక్రాలకు దిమ్మలు పెట్టి, పార్కింగ్ బ్రేకు వదిలి, ప్రతి కడ్డీ మీద సుద్ద గీత గీసి, పూర్తి బ్రేకు వేసి, గీత ఎంత కదిలిందో స్కేలుతో కొలవాలి. ఒక్కో బండికి మరికాస్త సమయం పడుతుంది, వరస పొడవవుతుంది. యజమానులు గొణుగుతారు. ఖాళీ ట్రైలర్‌ను రోలర్ మీద పెడితే నిండు బరువు బ్రేకు తెలియదన్న సాంకేతిక అభ్యంతరం కూడా నిజమే. బరువేసి రమ్మనాలి, లేదా ఇరుసును కిందికి లాగిపట్టే ఏర్పాటు కావాలి. ఖర్చంటూ ఉంటే అక్కడే.

డ్రైవర్లు ఈ పరీక్షను తమ పద్ధతిలో చేస్తూనే ఉన్నారు. ట్రైలర్ బ్రేకుకు విడిగా చేతి వాల్వు ఉన్న బళ్లలో, కొత్త ట్రైలర్ తగిలించుకున్నాక గేటు దాటేలోపే నెమ్మదిగా పోతూ ఆ వాల్వు లాగి చూస్తారు. వెనక నుంచి పట్టి లాగినట్టు అనిపించిందా లేదా, అంతే. ఆ ట్రైలర్ కిందటిసారి ఏ ఒత్తిడికి ఎంత పట్టిందో చెప్పే కాగితం మాత్రం క్యాబిన్‌లో ఉండదు. ఉన్నదల్లా ఫిట్‌నెస్ గడువు తేదీ.