కలమును కంప్యూటరును

సారంగపాణి పదములకు పుట్టినిల్లైన కార్వేటినగరమునుండి యొక తల్లి మాకు జాబు వ్రాసినది. ఆమె కొమార్తె యింటరు ముగించి, కలంకారీ నేర్చుకొందునని పట్టుపట్టినదఁట. మేనమామగారు మాత్రము, “ఈ కాలమున చేతితో నెవరు గీయుదురు? కంప్యూటరుపై డిజైను నేర్చిన నాలుగు డబ్బులు కంటఁబడును” అనుచున్నారఁట. రెంటిలో నేది మేలని యామె ప్రశ్న. ఇది యొక్క యింటి ప్రశ్న కాదు గనుక ఈ నెల దీనినే గ్రహించితిమి.

రెండును నేర్వవచ్చును. కాని ముందు కలమే పట్టవలయునని మా యభిప్రాయము.

శ్రీకాళహస్తి పనిలో కలమనఁగా వెదురుపుల్లయే. మొనకు పైగా ఉన్నియో గుడ్డపేలికయో చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చుకొని వ్రేలి యొత్తిడి కొలఁది విడుచును. గుడ్డను ముందుగా కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి యారవేయుదురు. పాలజిడ్డు రంగును ప్రక్కలకు పాఁకనీయదు. చింతపుల్లల బొగ్గుతో రూపము దిద్ది, పిమ్మట “కసిం” అను నల్లరంగుతో గీఁతలు గీయుదురు. ఇనుపతుక్కును బెల్లమును నీటిలోవేసి కొన్నివారములు పులియఁబెట్టిన ద్రవమే యిది. దోసెపిండి పులిసినదో లేదో వాసనచేతనే కనిపెట్టు మనకీ విద్య యంత పరాయిది కాదు! ఆ ద్రవము గుడ్డలోని కరక్కాయతోఁ గలిసినప్పుడే నల్లఁబడును. ఎఱుపు సంగతి మఱియు వింత. పటికనీరు పూసినచోట మాత్రమే, మంజిష్ఠవంటి వేళ్ల రంగులోఁ గాఁచినపుడు, ఎఱుపు నిలుచును. తక్కినచోటిది ఉదుకులోఁ బోవును.

ఇందు తప్పుగీఁతను చెఱపు నుపాయము లేదు. నల్లగీఁత పడెనా, పడినదే. కావున బాలిక గీయుటకంటె ముందు చూచుట నేర్చుకొనును.

కంప్యూటరు పలకపై నట్లు కాదు. గీఁత నచ్చకున్న మీట నొక్కిన మాయమగును. రంగులు పదివిధములుగ మార్చి చూడవచ్చును. ఈ సౌకర్యమును మేము నిందింపము. అంచునకెన్ని హంసలు పట్టునో, కొంగెచట మొదలిడవలెనో గుడ్డ పాడుచేయకయే లెక్క చూచుకొనవచ్చును. దూరదేశపు బేరగానికి నమూనా ముందే పంపవచ్చును. గురువు సమ్మతించినచో శిథిలమగుచున్న పాత చిత్రముల ప్రతులను భద్రపఱుపవచ్చును. ఈ తుదిపని యొక్కటియే చాలు, మేనమామగారి మాట నిలుచుటకు. కాని పాలు తక్కువైన గుడ్డపై కసిం పాఁకునని యే తెరయుఁ జెప్పదు. కలము నెఱిఁగిన బాలిక కంప్యూటరుపై గీసినను గుడ్డ కొదుగునట్టి గీఁతయే గీయును.

మఱియొక కారణము కలదు. ఇప్పుడు చేతిపనిని ఫోటో తీసి, కంప్యూటరుపై దిద్ది, యంత్రముతో నచ్చొత్తి, “కలంకారీ” యను పేర నమ్ముచున్నారు. అచ్చును అచ్చని చెప్పి యమ్మిన తప్పు లేదు. చౌకగుడ్డ కట్టుకొను హక్కు అందఱికి నున్నది. పేరు దొంగిలించుటయే దోషము. శ్రీకాళహస్తి కలంకారీకి చట్టరీత్యా భౌగోళిక గుర్తింపు కలదు. ఈ కళ క్షీణించియుండఁగా 1950ల దశకమున కమలాదేవీ చటోపాధ్యాయగారి పూనికచే శ్రీకాళహస్తిలో శిక్షణాలయ మేర్పడినది. ఆ యూరి చిత్రకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారు 2008లో పద్మశ్రీ నందిరి. ఇంత శ్రమచే నిలిచినదానికి వెల తగ్గించునది మన బాలిక చేతి కంప్యూటరే యగునో, వెల పెంచునది యగునో, ఆమె ముందేది నేర్చినదన్న దానిపై నాధారపడియున్నది.

ఎచట నేర్వవలెనని యడిగిన, తిరుపతిలో దేవస్థానమువారి సాంప్రదాయ శిల్పవిద్యాసంస్థలో కలంకారీ బోధింతురు. కార్వేటినగరమునుండి పుత్తూరు మీఁదుగఁ బోవచ్చును. కంప్యూటరు విద్య సాయంకాలములందు సాగింపవచ్చును.

కొనువారికిఁ గూడ నొకమాట. చేతిగీఁత యని చెప్పిన చీరయంచులో రెండు నెమళ్లను ప్రక్కప్రక్కన మడిచి చూడుఁడు. చేతితో గీసినవి రెండెప్పుడును సరిగా నొకటి కావు. ఒకదాని ముక్కునఁ బడిన చుక్క రెండవదానికిని అచటనే యున్నచో నది అచ్చే. పెడనలో చెక్క అచ్చులతో నద్దునదియుఁ జేతిపనియే, దాని వెల వేఱు. అంగడివాఁడు యంత్రపుటచ్చును జూపి కలపుపని ధర యడిగిన, చీర మడిచి చేతికిచ్చి రండు.