మొటిమలు పోయేదాకా ఆగాలా?

నర్సీపట్నం నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. "పేరు వేయొద్దక్కా" అని కింద రెండు గీతలు గీసి మరీ రాసింది కాబట్టి వేయడం లేదు. వయసు 27. ప్రైవేటు స్కూల్లో టీచరు. పదహారో ఏట మొదలైన మొటిమలు ఇంతవరకూ వదల్లేదట. పెసరపిండి, వేపాకు, గంధం, ముల్తానీ మట్టి – ఇంట్లో వున్నవన్నీ మొహానికెక్కాయి. తర్వాత మెడికల్ షాపు ట్యూబులు. ఆ తర్వాత డాక్టరు గారి మాత్రలు. తగ్గుతాయి, మళ్ళీ వస్తాయి. ఇప్పుడు గడ్డం చుట్టూ, దవడ అంచున లావుగా, ముట్టుకుంటే నొప్పిగా వస్తున్నాయట.

సినిమా పిచ్చి వుంది పాపం. కానీ హాల్లో లైట్లు ఆరాకే లోపలికెళ్తుంది, ఇంటర్వెల్లో సీట్లోంచి లేవదు. మొన్న చలికాలం స్నేహితురాళ్ళతో లంబసింగి మంచు చూడ్డానికెళ్ళి ఫొటోలన్నీ తనే తీసిందట, ఒక్కదాంట్లోనూ తను లేకుండా! వచ్చే నెల పెళ్ళిచూపులు. "ఇవి పోయేదాకా వాయిదా వేయమని నాన్నగారితో చెప్పమంటారా?" – ఇదీ ప్రశ్న.

వద్దు చెల్లాయ్. ముందు ఆ ఒక్క మాట చెప్పేసి మిగతాది మాట్లాడుకుందాం.

ఎందుకు వద్దంటే, "పోయేదాకా" అనే తేదీ ఏ కాలెండర్లోనూ లేదు. మొటిమలు కుర్రతనంలో వచ్చి కుర్రతనంతో పోతాయని మనవాళ్ళు అనుకుంటారు. ముప్ఫైల్లో, నలభైల్లో కూడా వస్తాయి. ఆ వయసులో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. చర్మంలోని నూనెగ్రంథుల మీద హార్మోన్లు చేసే పెత్తనం అది. నువ్వు మొహం సరిగ్గా కడుక్కోక కాదు. ఒక మామిడిపండు తిన్నందుకూ కాదు. (తీపి, పాలు ఎక్కువైతే కొందరికి పెరుగుతాయంటారు, నీకలా అనిపిస్తే తగ్గించి చూడు.) ఇక మీ పక్కింటి పిన్నిగారు అన్నారే, "పెళ్ళయితే అవే పోతాయి" అని – తాళిబొట్టు మొటిమల మందని ఏ డాక్టరూ చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు మన లోకంలోకి వద్దాం. సాయిపల్లవి నీకు ఇష్టమని రాశావు కదా. 2015లో మలయాళం 'ప్రేమమ్' రాకముందు ఆ అమ్మాయీ నీలాగే వుండేదట! లెక్కలేనన్ని క్రీములు రాశానని, జనం తన కళ్ళలోకి చూసి మాట్లాడరు, మొటిమలే చూస్తారని ఇల్లు కదిలేదాన్ని కాదని ఆమే చెప్పుకుంది. చదువుకున్నది ఏమిటో తెలుసుగా? జార్జియాలో డాక్టరీ! దర్శకుడు అల్ఫోన్స్ పుత్రెన్ ఆ బుగ్గలను దాచకుండానే చూపించాడు. మలర్ టీచర్ని జనం నెత్తిన పెట్టుకున్నారు. రెండేళ్ళకి, 2017లో, శేఖర్ కమ్ముల 'ఫిదా'లో మన భానుమతి అయింది. ఆ బుగ్గల ఎరుపు తెర నిండా కనిపిస్తూనే వుంది. టికెట్ డబ్బులు వెనక్కిమ్మని ఎవరూ అడగలేదు. తర్వాత ఒక ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనకి రెండు కోట్లు ఇస్తామంటే కాదందని 2019లో పత్రికలన్నీ రాశాయి.

"ఆవిడ తారక్కా, నేను టీచర్ని" అంటావు. నిజమే. పేరొచ్చాక ధైర్యం సులువు. కానీ ఆ అమ్మాయి మొటిమలు పోయాక కెమెరా ముందుకి రాలేదు, వున్నప్పుడే వచ్చింది. నేను చెప్పొచ్చేది అంతే.

ఆ మాటకొస్తే, నువ్వు అద్దంలో నీ మొహాన్ని ఏ మొహాలతో పోల్చుకుంటున్నావో అవి అసలు మొహాలు కావు. 1930ల చివర్లో మాక్స్ ఫాక్టర్ పాన్‌కేక్ వచ్చినప్పటి నుంచీ తారల చర్మం మీద ఇంకో చర్మం వుంటూనే వుంది. అది చాలనప్పుడు కెమెరామన్లు క్లోజప్‌లో లెన్సు మీద సన్నని మేజోడు గుడ్డ కట్టేవారు, అద్దానికి వాజలైన్ పూసేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తోంది, ఫ్రేము ఫ్రేముకీ మచ్చలు తుడిచేస్తూ. మీ స్నేహితురాళ్ళ సెల్‌ఫోన్ కూడా చెప్పకుండానే అదే చేస్తుంది. నీ అద్దానికి మాత్రం ఆ తెలివి లేదు!

అయితే మందులు మానేయమంటున్నానా? లేదు లేదు. ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం చదివి నాకు గుండె ఆగినంత పనైంది. "మెడికల్ షాపు ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో మొహం మెరుస్తుంది, మానితే రెట్టింపు వస్తాయి" అన్నావే – అది స్టిరాయిడ్ లక్షణం. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ లాంటి పేరుందేమో చూడు. వుంటే అది మొటిమల మందు కాదు. మొదట మెరిపిస్తుంది, తర్వాత చర్మాన్ని పల్చబరిచి, ఎర్రబరిచి, సన్నని వెంట్రుకలు మొలిపించి, కొత్త పొక్కులు తెప్పిస్తుంది. ఇలాంటి 14 రకాల పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం ఉత్తర్వు వేసింది. మన కౌంటర్లలో ఆ ఉత్తర్వు ఎవరు చదివారో మరి! కోపంతో ఒక్కసారిగా విసిరికొట్టకు. ఆపగానే మంటలెత్తి మళ్ళీ దాని దగ్గరికే పరిగెత్తిస్తుంది. చర్మవ్యాధుల డాక్టరుకి ట్యూబు చూపించి, ఎలా మానాలో అడిగి మాను. 2022లో మీ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళినా పెద్దాసుపత్రి అంటే మీవాళ్ళకి విశాఖ కేజీహెచ్చే కదా, అక్కడ చర్మవ్యాధుల విభాగం వుంది.

వెళ్ళినప్పుడు నెలసరి సక్రమంగా లేకపోతే, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతుంటే సిగ్గుపడకుండా చెప్పు. మూలం అండాశయాల దగ్గర వుండొచ్చు. అలాంటప్పుడు ఎన్ని క్రీములు రాసినా పైపై పూతే. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటివి ఇస్తే మూడు వారాల్లో తేల్చెయ్యకు. మొదట కాస్త ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది, గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చాలామందికి మందు పనిచేయకపోవడం కాదు, పనిచేసేలోపు మానేయడమే జరుగుతుంది. అన్నీ అయ్యాక ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాయొచ్చు. గట్టి మందే, అయినా మానాక కొందరికి తిరిగొస్తాయి. అది వాడుతుండగా గర్భం రాకూడదు, బిడ్డకి ప్రమాదం. మానాక కూడా కనీసం నెల ఆగాలి. నీకు సంబంధాలు చూస్తున్నారు కాబట్టి ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పి తీరాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

గిల్లకు. మచ్చ నెలల్లో వెలుస్తుంది, గుంట వెలవదు.

నిద్ర పట్టడం లేదని, స్కూలుకి సెలవు పెట్టి గదిలో కూర్చుంటున్నానని కూడా రాశావు. అదీ డాక్టరుకి చెప్పాల్సిన లక్షణమే. ఎవరికీ చెప్పుకోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక పెళ్ళిచూపులు. పాన్‌కేక్ పొర వేసుకుని కూర్చోకు. తర్వాత రోజూ వేసుకోవాలి! అబ్బాయికి ముందుగా పంపే ఫొటో ఫిల్టరు లేకుండా తీయించు. చూసి రానివాడు రాకపోతే మీ అమ్మగారికి కాఫీపొడి మిగులుతుంది. వచ్చినవాడు అడిగితే "పదకొండేళ్ళుగా వున్నాయి, మందు వాడుతున్నాను" అను, సరిపోతుంది. ఆ అబ్బాయి నెత్తి మీద జుట్టు సంగతి నువ్వూ అడగొచ్చు.

ఏమైందో రాయి. ఈసారి లంబసింగి ఫొటో కూడా జతచెయ్యి, అచ్చు వేయనులే. తునిలో రోజూ సెకండ్ షో చూసి నాన్నగారితో తిట్లు తింటున్న తమ్ముడికి జవాబు వచ్చేవారం.