పాసులవారూ, క్యూలోవారూ

2025 డిసెంబరు 13, శనివారం. కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో వేలకు వేలు పోసి టిక్కెట్లు కొన్న జనం మెస్సీ కోసం కూర్చున్నారు. అర్జెంటీనా మహాక్రీడాకారుడు వచ్చాడు, మైదానంలో నాలుగడుగులు నడిచాడు, సుమారు ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయాడు. ఉన్నంతసేపూ ఆయన చుట్టూ నాయకులు, ప్రముఖులు, ఫొటోలకు ఎగబడినవారు మూగి ఉన్నారు. గ్యాలరీలోని మనిషికి కనిపించినవి వీరి వీపులు. తరువాత కుర్చీలు విరిగాయి, సీసాలు ఎగిరాయి. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ క్షమాపణ చెప్పారు, విచారణ సంఘాన్ని వేశారు, ప్రధాన నిర్వాహకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు.

సరిగ్గా మూడు రోజులకు ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఒక ప్రకటన చేసింది. 2026 ప్రపంచ కప్ టిక్కెట్ల ధరలపై యూరప్ అభిమాన సంఘాలు గగ్గోలు పెట్టగా, ఫైనల్‌తో సహా ప్రతి మ్యాచ్‌కూ 60 డాలర్ల టిక్కెట్లు కొన్ని ప్రత్యేకిస్తామన్నది. అవి తలపడే జట్ల నమ్మకమైన అభిమానులకే చేరాలనీ, ఎవరు నమ్మకమైనవారో ఆయా దేశాల సమాఖ్యలే తేల్చుకోవాలనీ ఆ ప్రకటన సారాంశం. ఢిల్లీలో కూర్చుని ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకొక పాత తగాదా గుర్తుకు వచ్చింది. పెద్ద మ్యాచ్ నాడు లోపలికి వెళ్ళే హక్కు ఎవరిది అన్న ఆ తగాదా కలకత్తా మైదానమంత పాతది.

(ఆ నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినది. ఫుట్‌బాల్ మాట వచ్చినప్పుడు నా కలం మాత్రం పాత పేరే రాస్తుంది, పాఠకులు మన్నింతురు గాక.)

1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 గోల్స్‌తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిననాడు చోటు చాలక జనం చెట్లెక్కారు. దూరాన నిలిచినవారికి స్కోరు తెలియడానికి గాలిపటాలు ఎగరవేశారని ఆ ఊరివారు నేటికీ చెప్పుకుంటారు. 1920లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టింది. దేశ విభజన తరువాత పద్మానది ఆవలి నుంచి సర్వస్వం వదులుకుని వచ్చిన కాందిశీకులకు అది క్లబ్బు కంటె మించినదయింది. మనకూ ఈ కథలో పాలున్నది. ఆ క్లబ్బు 'పంచపాండవులు'గా పేరుమోసిన ఫార్వర్డు వరుసలో ఒకడు అప్పారావు. ఇక 1950లో ఇదే ఢిల్లీలో డ్యూరాండ్ కప్‌ను మోహన్ బగాన్ చేతికందకుండా ఎగరేసుకుపోయినది మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు.

ఈ రెండు క్లబ్బులూ తలపడిన నాడు టిక్కెట్టు ఒక కాగితం ముక్క కాదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో లీగ్ మ్యాచ్ జరుగుతుండగా ఇరు పక్షాల అభిమానులూ కలిసి కూర్చున్న గ్యాలరీలో ఘర్షణ పుట్టి, తొక్కిసలాటలో 16 మంది మరణించారు. మ్యాచ్ చూడడానికి పోయి తిరిగి రాని వారి స్మృత్యర్థం ఏటా ఆ తేదీన బెంగాల్‌లో రక్తదానం చేస్తున్నారు. ఎవరికి టిక్కెట్టు ఇవ్వాలి, వారిని ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న అని అప్పుడే తేలింది.

1984లో సాల్ట్ లేక్ స్టేడియం తెరుచుకోవడంతో చోటుకు కొరత తీరిందనుకున్నారు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీ ఫైనల్‌కు వచ్చిన ప్రేక్షకుల సంఖ్య 1,31,781. భారతదేశంలో మరే ఫుట్‌బాల్ మ్యాచ్‌కూ అంత జనం వచ్చిన దాఖలా లేదు. కాగా 2017లో అండర్-17 ప్రపంచ కప్ కోసం బెంచీలు తీసి కుర్చీలు వేశాక ఆ సంఖ్య సుమారు 68 వేలకు దిగింది. భద్రత దృష్ట్యా అది మంచిదే. కాని సగం మంది బయట మిగిలిపోయారు. ఆ సగం ఎవరై ఉండాలన్నది ఎవరూ బాహాటంగా నిర్ణయించలేదు.

కొన్నేళ్ళ కిందట ఒక డెర్బీకి రెండు రోజుల ముందు నేను కలకత్తాలో ఉన్నాను. పని రాజకీయాలది. అయినా తెల్లవారుజామున టిక్కెట్ల క్యూ చూడడానికి వెళ్ళాను. నా ముందు నిలబడిన వృద్ధుడు ముప్పై ఏళ్ళుగా క్లబ్బు సభ్యుడట. చందా ఏనాడూ బాకీ పడలేదని కార్డు తీసి చూపించారు. ఆయన వెనుక బారాసత్ నుంచి మొదటి రైలుకు వచ్చిన పాతికేళ్ళ కుర్రవాడు. అతనికి సభ్యత్వం లేదు, కట్టేందుకు డబ్బు లేదు. అయితే వర్షాకాలంలో, పనిదినాల మధ్యాహ్నం వేళ, చిన్న జట్లతో జరిగే లీగ్ మ్యాచ్‌లకు గొడుగు వేసుకుని వెళ్ళేది తనే అన్నాడు. "దాదూ, నిరుడు నైహాటీ మ్యాచ్‌లో మిమ్మల్ని నేను చూడలేదే" అన్నాడు నవ్వుతూ. వృద్ధునికి కోపం వచ్చింది. "నా మోకాళ్ళు నైహాటీ దాకా రావు బాబూ. నీ వయసులో నేను ఎక్కడెక్కడికి తిరిగానో నీకేం తెలుసు?" అన్నారు. ఇద్దరి మాటా నిజమే. నేను తీర్పు చెప్పలేకపోయాను.

ఇంగ్లండులో ఈ చిక్కుకు మార్కుల పద్ధతి కనిపెట్టారు. పొరుగూళ్ళలో జరిగే మ్యాచ్‌లకు వెళ్ళిన కొద్దీ అభిమాని ఖాతాలో పాయింట్లు చేరతాయి. ఫైనల్ వచ్చినప్పుడు ఎక్కువ పాయింట్లు ఉన్నవారికి ముందుగా టిక్కెట్టు. చూడడానికి న్యాయంగానే ఉన్నది. కాని పాయింట్లు కూడబెట్టాలంటే ప్రయాణానికి డబ్బుండాలి, సెలవు దొరకాలి, వెనుకటి మ్యాచ్‌కు టిక్కెట్టు దొరికి ఉండాలి. ఒకసారి వరుసలో పైకెక్కినవాడు దిగడు, కింద ఉన్నవాడు ఎక్కలేడు. రాత్రి షిఫ్టులో పనిచేసేవాని భక్తి ఆ లెక్కకు అందదు. మన బారాసత్ కుర్రవాడు అక్కడ పుట్టి ఉంటే ఏ మెట్టుమీద ఉండేవాడో చెప్పడం కష్టం.

పంపకం మాట వచ్చింది కనుక ఇంకొకటి. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో మైదానంలో 97 మంది ప్రాణాలు తీసిన మ్యాచ్‌కు, అభిమానులు ఎక్కువగా ఉన్న లివర్‌పూల్‌కే తక్కువ టిక్కెట్లు ఇచ్చారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి నిందమాత్రం టిక్కెట్లు లేకుండా వచ్చారంటూ అభిమానుల మీదనే మోపారు. అది అబద్ధమని తేలడానికి 2016 దాకా పట్టింది.

ఇంతకూ నేను చెప్పదలచినది వేరు. వృద్ధునికీ కుర్రవానికీ మధ్య జరిగే తగాదా మిగిలిన ముక్కల కోసం జరిగే తగాదా. అసలు రొట్టెలో నుంచి పెద్ద ముక్క క్యూ మొదలు కాకముందే తీసేస్తారు. మంత్రుల కార్యాలయాలకు ఇన్ని, పోలీసులకు ఇన్ని, ప్రాయోజకులకు ఇన్ని, సంఘాల పెద్దలకు ఇన్ని అంటూ సాగే ఆ జాబితాను ఎవరూ ప్రకటించరు. ఢిల్లీలోనే ఒక ఫుట్‌బాల్ ఫైనల్‌కు పత్రికలవారి పాసు మీద నేను వెళ్ళాను. ముందు వరుసల సోఫాలు ఆట ముగిసేదాకా ఖాళీగానే ఉన్నాయి. గేటు బయట డబ్బు చేతబట్టుకుని నిలబడినవారిని లాఠీలతో వెనక్కు నెట్టారు. ఆ పాసులో నేనూ భాగస్వామినే కనుక ఆ సాయంత్రం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గువేస్తుంది.

రాజధానిలో బతికేవారికి పాసుల మహిమ వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు టెలిఫోను కనెక్షనుకు, గ్యాసు బండకు పార్లమెంటు సభ్యుని కోటా ఉండేది. కేంద్రీయ విద్యాలయాలలో సభ్యునికి ఏటా పది సీట్ల సిఫారసు అధికారం 2022 వరకు నడిచింది. దానిని రద్దు చేసిననాడు ఆకాశం విరిగి పడలేదు. దీనికి భిన్నంగా రైల్వే వెయిటింగు లిస్టును చూడండి. మనం తిట్టుకోని రోజు లేదు, అందులోనూ పెద్దల కోటా ఉన్నది. అయినా నా సంఖ్య 43 అయితే నా ముందు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. చార్టు తయారయ్యాక బెర్తు దొరకకపోయినా మనిషి గొణుక్కుంటూ ఇంటికి పోతాడు గాని కిటికీ అద్దాలు పగలగొట్టడు.

బ్లాకు వ్యాపారాన్ని అణిచివేస్తే సరిపోతుందనేవారున్నారు. చట్టం లేకపోలేదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షను ముఠాలుగా ఏర్పడి అనధికారంగా టిక్కెట్లు అమ్మడాన్ని నేరంగా పేర్కొని, ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా శిక్ష విధించింది. ఇంగ్లండు ఆ పని 1994లోనే చేసింది. మంచిదే. అయితే వీధి మూల నిలబడి పది టిక్కెట్లు అమ్మేవాడు దొరుకుతాడు. ఆ పది టిక్కెట్లూ అతని చేతికి ఏ గదిలో నుంచి వచ్చాయన్న ప్రశ్న పోలీసు స్టేషను గడప దాటడం అరుదు.

కనుక మొదట లెక్క బయటపెట్టాలి. ఎన్ని సీట్లు, అందులో ఎన్ని పాసులు, అవి ఏ కార్యాలయానికి, ఎన్ని సభ్యులకు, ఎన్ని సామాన్యులకు అన్నది మ్యాచ్‌కు వారం ముందు గేటు మీద అంటించాలి. ఆ తరువాత అభిమానుల వాటా పంచేటప్పుడు చందా రశీదుతోపాటు ఎవరూ రాని మ్యాచ్‌కు వచ్చినవాని చిరిగిన టిక్కెట్టుకూ విలువ ఇవ్వాలి. కొంత భాగం అందరి ఎదుటా చీటీలు తీసి ఇవ్వాలి, కొత్తవాడు ఏనాటికైనా లోపల అడుగు పెట్టవద్దా? ఈ పాళ్ళు ఎంతెంత అన్నదానిమీద వృద్ధుడూ కుర్రవాడూ ఎంతసేపైనా పోట్లాడుకోవచ్చు. లెక్క తెలిసిన పోట్లాట ఆరోగ్యకరమైనది.

2024 ఆగస్టు 18న సాల్ట్ లేక్‌లో జరగవలసిన డ్యూరాండ్ కప్ డెర్బీని భద్రత కారణంగా రద్దు చేశారు. ఆర్.జి.కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరానికి నగరం అట్టుడికిపోతున్న రోజులవి. మ్యాచ్ లేదు. అయినా రెండు క్లబ్బుల అభిమానులూ, వారితో మహమ్మడన్ స్పోర్టింగ్ వారూ స్టేడియం బయట ఒక్కటై న్యాయం కోరుతూ నిలిచారు, లాఠీ దెబ్బలు తిన్నారు. ఈ జనాన్ని కలిపి కూర్చోబెడితే కొట్టుకుంటారనీ, వీరికి లెక్కలు చెప్పనక్కరలేదనీ అనుకునే పెద్దలు ఆ సాయంత్రాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

సాల్ట్ లేక్ స్టేడియం రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. పెద్ద మ్యాచ్ నాటి బందోబస్తుకు దిగేది ప్రభుత్వ పోలీసులు. ప్రభుత్వ శాఖలకు ఎన్ని పాసులు చేరాయో అడగడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది, దరఖాస్తు రుసుము పది రూపాయలు. బారాసత్ కుర్రవాడు ఏడాదికొకసారి నాకు ఉత్తరం రాస్తుంటాడు. ఈ వారం జవాబులో దరఖాస్తు నమూనా కూడా రాసి పంపాను.