నాలుగు గంటల చల్లదనం

మిరపకాయను దాచడం మా గుంటూరులో పసిపిల్లవాడికి కూడా తెలుసు. ధర పలకకపోతే టిక్కీలను కోల్డు స్టోరేజికి తోలి, రశీదు జేబులో వేసుకొని రైతు ఇంటికి పోతాడు. నెలలు గడిచినా కాయ రంగు చెడదు.

మొన్న ఒక మిత్రుడు, "గుండెను కూడా ఐసులో పెడతారట కదండీ! రేపో ఎల్లుండో తీరిగ్గా అమర్చుకోవచ్చుగా?" అన్నాడు.

అక్కడే ఉన్నది చిక్కు. మెదడు పూర్తిగా చనిపోయిందని వైద్యులు నిర్ధారించి, అయినవారు ఒప్పుకున్న తరువాతనే దాత గుండెను తీస్తారు. అంతవరకు అది కొట్టుకుంటూనే ఉంటుంది. చిత్రమేమిటంటే, దానిని కాపాడడానికి మొదట చేసే పని దానిని ఆపడమే! పొటాసియం కలిసిన చల్లని ద్రావణాన్ని గుండె రక్తనాళాలలోకి ఎక్కిస్తారు. గుండె నిశ్చలమవుతుంది. ఆగి చల్లబడిన గుండెకు ప్రాణవాయువు అవసరం బాగా తగ్గుతుంది. కాని పూర్తిగా పోదు. తరువాత దానిని చల్లని ద్రవం నింపిన సంచీలో, ఆ సంచీని మరొక సంచీలో ఉంచి, మంచుపెట్టెలో పెడతారు. మంచు నేరుగా తగలకూడదు. గడ్డకడితే కండ చెడుతుంది.

ఇంత చేసినా గడువు సుమారు నాలుగు గంటలే. ప్రయాణమూ, కుట్లూ అన్నీ అందులోనే. పోలీసులు దారి ఖాళీ చేయించి అంబులెన్సును పంపేది ఇందుకే. వెచ్చని రక్తం పారిస్తూ, గుండెను కొట్టుకొనేటట్లే ఉంచి తీసుకుపోయే యంత్రాలూ వచ్చాయి గాని, వాటి ఖరీదు ఎక్కువ.

1967 డిసెంబరు 3న కేప్‌టౌనులో డాక్టర్ బర్నార్డు తొలిసారి మనిషి గుండెను మరొక మనిషికి అమర్చినప్పుడు, దాతా గ్రహీతా ఒకే ఆసుపత్రిలో ఉన్నారు. మన దేశంలో 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ వేణుగోపాల్ ఆ పని విజయవంతంగా చేశారు. 2016 మే నెలలో మా గుంటూరు పెద్దాసుపత్రిలోనే డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందం గుండెను మార్చింది.

మంచుపెట్టె నాలుగు గంటలు ఇస్తుంది. అంతకుముందు ఆసుపత్రి వరండాలో అయినవారు తేల్చుకోలేక గడిపే గంటలను మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆలోగా రక్తపోటు పడిపోతే ఆ గుండె ఎవరికీ పనికిరాకుండా పోవచ్చు. అలాగని, ఆ వేళ కన్నతల్లిని తొందరపెట్టడం ఎవరి తరం? ఆ మాటేదో అందరూ కులాసాగా ఉన్నప్పుడే ఇంట్లో అనుకొని ఉంచుకోవాలి.

"అశుభం అంటారేమోనండీ" అన్నాడు మిత్రుడు. కాసేపు ఊరుకొని, "అయినా ఈ రాత్రి భోజనాల దగ్గర ఎత్తి చూస్తాను" అంటూ లేచాడు.