మరమ్మతు సూచనలు రైతునకేల అందరాదు?



లాలాపేట విజయ డెయిరీ పేరు వినని పాడిరైతు మన ప్రాంతమున లేడు. తెల్లవారకమునుపు పితికిన పాలు చెడక పట్నము చేరవలెనన్న పాలబండి దారిలో నిలువరాదు. వేసవిలో కొన్ని గంటలు నిలిచెనా, పాలు విరుగును; ఆ పూట కష్టము వీథిపాలగును. వరికోతలనాడు ట్రాక్టరు ఆగినచో కలుగు నష్టమును వేరుగ చెప్పనక్కరలేదు. కావున బండి మరమ్మతు మనకు విత్తనములవలెనే ముఖ్యమైన విషయము.

పూర్వము ఇంజను చెడినచో ఊరి మెకానిక్కు చెవితో విని, చేతితో తడవి లోపము కనుగొనుచుండెను. ఇప్పుడు అంతమాత్రము చాలదు. 2020 ఏప్రిలునుండి క్రొత్త మోటారు బండ్లకు బి.ఎస్. 6 నిబంధనలును, 2023 జనవరినుండి 50 హెచ్.పి.కి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్ 4 నిబంధనలును వచ్చినవి. పొగ తగ్గించుటకై ఇట్టి ఇంజనులలో కంప్యూటరు, సెన్సర్లు చేరినవి. మెకానిక్కునకు అనుభవముతోపాటు కంపెనీ తెలుపు వివరమును కావలసివచ్చినది.

అట్టి వివరము గల పత్రమునే టెక్నికల్ సర్వీసు బులెటిను అందురు. ఒకే రకపు బండ్లలో ఒకే లోపము పలుచోట్ల కనబడినప్పుడు కంపెనీవారు తమ డీలర్ల వర్క్‌షాపులకు పంపు వ్రాతపూర్వకమైన సూచన యిది. దీనిని చదువుట బ్రహ్మవిద్య కాదు. ఏ మోడలునకు, ఏ ఛాసిస్ సంఖ్యలనడుమ తయారైన బండ్లకు వర్తించునో మొదట చూడవలెను. తరువాత లోపము యొక్క లక్షణము, కారణము, సరిచేయు పద్ధతి, మార్చవలసిన భాగముల నంబర్లు చూడవలెను. పనికి పట్టు కాలము, వారంటీ నియమము గూడ పలుమారు అందుండును. మన బండి సంఖ్య ఆ హద్దులో లేనియెడల, లక్షణమొక్కటే యైనను ఆ మందు మన రోగమునకు తగినదని తలపరాదు.

బులెటిను వేరు, రీకాల్ వేరు. రీకాల్ అనునది ప్రజలకుగాని పర్యావరణమునకుగాని హాని చేయు లోపములకు సంబంధించినది. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము దాని భారము తయారీదారునిదే. బులెటిను ఉన్నంతమాత్రమున మరమ్మతు ఉచితము కాదు. వారంటీ గడచినచో ఖర్చు సాధారణముగా మనదే. అయినను లాభము కలదు. వైర్ల కనెక్టరులో తేమ చేరుటచే బండి ఆగుచున్నదని బులెటిను చెప్పుచుండ, అది తెలియక డీజిలు పంపు మార్పించినచో డబ్బు పోవును, బండియు మరల ఆగును.

లాలాపేటకు పొరుగుననున్న లాలాగూడ రైల్వే కర్మాగారమును చూడుడు. రైళ్లకు యజమానియు మరమ్మతుదారుడును ఒక్కరే కనుక సాంకేతిక సూచనలు వ్రాతమూలకముగా పనివారికే చేరును. మన విషయములోనో, బండి రైతుది, సూచన డీలరుది! అమెరికాలో మోటారు వాహనముల బులెటినులను తయారీదారులు ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థకు పంపవలెను. ఆ సంస్థ వానిని ప్రజలకు చూపును. అచ్చటి కొలరాడో రాష్ట్రము 2023లో సేద్యపు యంత్రముల మరమ్మతు హక్కునకై చట్టము చేసినది. మన దేశమున 2014లో కాంపిటీషన్ కమిషన్, 14 కార్ల కంపెనీలు విడిభాగములను, సాంకేతిక వివరములను బయటి మెకానిక్కులకు అందనీయకపోవుట తప్పని ఉత్తరువు చేసెను. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ తెరచిన మరమ్మతు హక్కు పోర్టలులో సేద్యపు యంత్రములును చేరినవి. హక్కు గుర్తింపబడినది, అడుగువారు కావలెను.

తెలియనివారు యంత్రమును చెడగొట్టుదురని కంపెనీలు అనవచ్చును. నిజమే, బ్రేకుల పని అందరును చేయదగినది కాదు. కాని పని చేయుట వేరు, తన బండి లోపమును తెలిసికొనుట వేరు. రెండవదానికి యజమానిని అడ్డగించుట న్యాయము కాదు.

కావున ప్రతి సంఘమును సభ్యుల ట్రాక్టర్లు, బండ్ల ఛాసిస్ సంఖ్యలను ఒక రిజిస్టరులో వ్రాసికొనవలెను. వర్తించు బులెటినులు కలవాయని సంఘము పేర డీలరునకు జాబు వ్రాసి, వచ్చినదానిని తెలుగున వ్రాయించి కార్యాలయమున ఉంచవలెను. సభ్యుడు బండిని వర్క్‌షాపునకు ఇచ్చునప్పుడే ఆ ప్రశ్న అడిగి, జవాబును జాబ్ కార్డుపై వ్రాయించుకొనవలెను. ఒక్క రైతు అడిగినచో రేపు రమ్మందురు; నూరుగురు సంతకము చేసిన జాబునకు బదులు చెప్పక తప్పదు. సహకారమునకు ఇంతకంటె తగిన పని యేది?