తూకం లేని పోటీ న్యాయమా?

వరి కోతలు పూర్తయ్యాయంటే హాలియా పరిసరాల్లో ఎక్కడ విన్నా రెండే మాటలు: కాంటా, తరుగు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం మిల్లుకు చేరేలోపు తేమ పేరిట ఎంత, తాలు పేరిట ఎంత కోత పడుతుందో రైతుకు అనుభవమే. కాంటా సరిగా లేకపోతే ఆరుగాలం కష్టం అన్యాయమైపోతుందని ఈ ప్రాంతంలో ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు.

ఇటీవల అక్కడి ఒక చాయ్ హోటల్ దగ్గర కొందరు యువకులు మరో తూకం గురించి వాదించుకోవడం విన్నాను. ఫోన్‌లో చూసిన ఒక వృత్తి బాక్సింగ్ పోటీ మీద చర్చ. తనకంటే ఎన్నో కిలోలు తక్కువున్న వాణ్ణి పడగొట్టడం ఏం గొప్ప, ఆ జోడీ కుదిర్చిన వాళ్లదే తప్పు అని అందరూ తేల్చారు. కాసేపటికి మాట ఉద్యోగ నియామకాల వైపు మళ్లింది. అదే గుంపులో ఒకరు అన్నారు: ‘అందరికీ ఒకే పరీక్ష పెట్టినప్పుడు, ఒకే కటాఫ్ ఉండాలి కదా!’ కాదన్నవారు లేరు. నన్ను ఆలోచింపజేసింది ఈ రెండు తీర్పుల మధ్య దూరమే.

బాక్సింగ్ అభిమానికి తూకం సహజ న్యాయం. పోటీకి ముందు ఇద్దరినీ కాంటా ఎక్కిస్తారు. వృత్తి బాక్సింగ్‌లో తూకం తప్పిన ఛాలెంజర్ బరిలో గెలిచినా టైటిల్ దక్కదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. హెవీవెయిట్‌లతో తలపడలేదు కాబట్టి ఆమెది అసలు ప్రతిభ కాదని ఎవరూ అనలేదు. బరువు విభాగం ప్రత్యర్థి గుద్దును మెత్తన చేయదు. గెలుపును కానుకగా ఇవ్వదు. పోటీని పోటీగా నిలబెడుతుంది, అంతే.

మరి చదువుల బరిలో, కొలువుల బరిలో ఈ ఇంగితం ఏమవుతోంది? ఒకరి వెనుక మూడు తరాల చదువు, భూమి, పట్నంలో కోచింగ్, ఆఫీసుల్లో పలుకుబడి గల బంధువులు. మరొకరు ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. వీరిద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి దానికి ప్రతిభ అని పేరు పెడుతున్నాం. పోలికకు హద్దు ఉంది, నిజమే. బాక్సర్ తన బరువును పెంచుకోగలడు, తగ్గించుకోగలడు. కులం మోపిన బరువును దించుకోవడం ఒక్కడి చేతిలో లేదు. అందుకే ఇక్కడ కాంటా అవసరం మరింత ఎక్కువ.

ఒకప్పుడు వృత్తి బాక్సింగ్‌లో ప్రధానంగా ఎనిమిది బరువు విభాగాలే ఉండేవి. క్రమంగా అవి పదిహేడుకు పెరిగాయి. విభాగం మరీ వెడల్పుగా ఉంటే దాని అంచున ఉన్నవాడు ఎప్పుడూ నష్టపోతాడని అనుభవం నేర్పింది. ఎస్సీ వర్గీకరణ వాదంలోని సారమూ ఇదే. 1994లో మొదలైన దండోరా ఉద్యమం మూడు దశాబ్దాలు అడిగిన ప్రశ్నకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పుతో దారి తెరుచుకుంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి, 15 శాతం రిజర్వేషన్‌ను 1, 9, 5 శాతాలుగా పంచారు. ఇది దళితుల ఐక్యతను చీలుస్తుందన్న ఆందోళనను తేలికగా కొట్టిపారేయకూడదు. కానీ బరువు విభాగాలు పెరిగినందుకు బాక్సింగ్ చీలిపోలేదు. బరి అంచున నిలబడి చూసినవారు లోపలికి వచ్చారు.

తూకం సరిపోయినంత మాత్రాన బరి దక్కుతుందనీ లేదు. ఒలింపిక్ క్వాలిఫయర్‌కు మేరీ కోమ్‌ను ట్రయల్స్ లేకుండా పంపే ఆలోచన జరిగినప్పుడు, నిఖత్ 2019 అక్టోబరులో నాటి క్రీడామంత్రికి లేఖ రాసి న్యాయమైన ట్రయల్ కోరారు. అంతటి చాంపియన్‌ను సవాలు చేయడానికి ఈమె ఎవరని ఎద్దేవా చేసిన అభిమానులున్నారు. డిసెంబరులో ట్రయల్ జరిగింది. నిఖత్ 1–9 తేడాతో ఓడారు. ఆమె అడిగింది గెలుపు కాదు, తలపడే అవకాశం. రిజర్వేషన్ అడిగేదీ అంతకు మించి కాదు. ఓడిన ఆ అమ్మాయే మూడేళ్లు తిరగకుండా ప్రపంచ విజేత కావడం మనకు తెలిసిన చరిత్ర.

కులం గోల మాకెందుకు, ఆటను ఆటగా చూస్తాం అనే అభిమానులు 2016ను గుర్తు చేసుకోవాలి. రియోలో పి.వి. సింధు రజతం గెలిచిన రోజుల్లో ఆమె కులమేదని గూగుల్‌లో వెతికిన వారిలో తెలుగువారు ముందున్నారని పత్రికలు రాశాయి. ‘మనవాళ్లేనా’ అని ఆరా తీయడానికి పనికొచ్చిన కులం, అవకాశాల లెక్క తీసేటప్పుడు మాత్రం అప్రస్తుతం ఎలా అవుతుంది?

కావలసింది సానుభూతి కాదు, సదుపాయం. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ గురుకులాల నుంచే వచ్చిన అగసర నందిని 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టథ్లాన్ కాంస్యం గెలిచింది. హాలియా, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లోని గురుకులాల పిల్లలకు కూడా ఒక రింగ్, ఒక కోచ్, కడుపునిండా పౌష్టికాహారం అందుబాటులోకి తేవడం ప్రభుత్వానికి మోయలేని భారం కాదు.

ధాన్యం కాంటాలో మోసం జరిగితే రోడ్డెక్కే రైతు బిడ్డలే ఆ చాయ్ హోటల్ దగ్గర చేరిన యువకులు. తప్పుడు తూకం ఎంత నష్టమో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పక్కింటి కుర్రాడి బతుకునూ అదే కాంటా మీద ఉంచి చూడమనే నా విన్నపం.